బరువైన కెమెరాకు తడవని సంచి: ఎంపిక ఎలా?

— తృతీయ సంవత్సరం బి.ఎస్సీ. విద్యార్థి

వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియవంటారు పెద్దలు. ప్రాణం సంగతి అలా ఉంచి, వాన సంగతి మాకు గత డిసెంబరులో బాగానే తెలిసి వచ్చింది. సూళ్లూరుపేట దగ్గరి నేలపట్టుకి గూడబాతుల్ని చూడటానికి వెళ్లిన మా జువాలజీ బృందం రెండు గంటలపాటు వానలో చిక్కుకుంది. ఈశాన్య ఋతుపవనాల కాలంలో ఆ తీరాన వాన పడటం వింతేమీ కాదు. డిపార్టుమెంటు కెమెరా, పెద్ద లెన్సు ఉన్న బ్యాగు నా వీపునే ఉంది. దానిమీద "వాటర్‌ప్రూఫ్" అని చీటీ కూడా ఉంది. చీటీ తడవలేదు గాని, లోపల సామాను తడిసింది!

సంక్రాంతి సెలవులయ్యాక లెన్సు తీసి వెలుతురుకు పట్టి చూస్తే, అద్దం లోపల సాలెగూడులాంటి సన్నని పోగులు కనిపించాయి. బూజు. బాగుచేసేవాళ్లు లెన్సు విప్పి తుడిచారు గాని, ఒక అద్దం పైపూత అప్పటికే తినేసి ఉంది. ఆ మచ్చ ఇక పోదట.

మా సారు నన్ను ఒక్క మాటా అనలేదు. కాని బీరువాకి తాళం పడింది. "సరైన బ్యాగు చూపించండి, అప్పుడు కెమెరా బయటికిస్తాను" అన్నారు. ఇంట్లో కెమెరా ఉన్నవాడికి దీంతో పోయేదేమీ లేదు. డిపార్టుమెంటు కెమెరా తప్ప జన్మలో మరో కెమెరా పట్టుకోని ఫస్టియర్ పిల్లలకే నష్టం. నా మూలాన పడిన తాళం కాబట్టి, తీయించే బాధ్యతా నాదే. అందుకని నాలుగు నెలలు కనిపించిన ప్రతి బ్యాగునీ తిరగేశాను, ఎత్తాను, నీళ్లు పోశాను. తెలుసుకున్నది మీ ముందు పెడుతున్నాను.

బరువు లెక్క

ముందు మోసేది ఎంతో తెలియాలి. పెద్ద సెన్సారున్న డి.ఎస్.ఎల్.ఆర్. కెమెరా బ్యాటరీతో కలిపి ఒక కిలో. పక్షుల కోసం వాడే 150-600 మిల్లీమీటర్ల లెన్సు సుమారు 2 కిలోలు. 70-200 లెన్సు ఒకటిన్నర కిలో. దృశ్యాలకి చిన్న లెన్సు ముప్పావు కిలో. ట్రైపాడ్ 2 కిలోలు. ఫ్లాషు, బ్యాటరీలు, ఛార్జరు వగైరా ముప్పావు కిలో. లీటరు నీళ్లు ఒక కిలో, రెయిన్‌కోటూ అన్నం డబ్బా మరో కిలో. మొత్తం 10 కిలోలు. దీనికి బ్యాగు సొంత బరువు 2 కిలోలు కలపండి. పన్నెండు!

రోజంతా నడిచేటప్పుడు ఒంటి బరువులో అయిదో వంతుకు మించి మొయ్యకూడదని సాధారణంగా చెబుతారు. 55 కిలోల మనిషికి అది 11 కిలోలు. అంటే బ్యాగు మంచిదా చెడ్డదా అన్న ప్రశ్న రాకముందే మనం గీత దాటేశామన్నమాట. కాబట్టి మొదటి సలహా: కొనే ముందు సామాను తగ్గించండి. పక్షులకి వెళ్లే రోజున 70-200 లెన్సు ఇంట్లో ఉంటే కొంపేమీ మునగదు. బ్యాగు పెద్దదైతే అందులో ఖాళీ ఉండదు, ఏదో ఒకటి వచ్చి చేరుతుంది. సామాను చూసి బ్యాగు కొనాలి గాని, బ్యాగు చూసి సామాను కూర్చకూడదు.

భుజమా, నడుమా?

చేలో మందు కొట్టే 16 లీటర్ల పంపు వీపుకి ఎత్తుకున్నవాళ్లకి ఈ భాగం చెప్పక్కరలేదు. నీళ్లే 16 కిలోలు. పట్టీలేమో సన్నం. రెండు గట్లు తిరిగేసరికి భుజాలమీద ఎర్రటి వాతలు. అందుకే మా ఊళ్లో తువ్వాలు మడిచి పట్టీ కింద పెట్టుకుంటారు. ఆ తువ్వాలు చేసే పనిని ఫిజిక్సులో పీడనం తగ్గించడం అంటాం.

లెక్క చూడండి. 12 కిలోలూ రెండు భుజాలమీదే పడ్డాయనుకుందాం. పట్టీ 3 సెంటీమీటర్ల వెడల్పుండి, 15 సెంటీమీటర్ల పొడవున భుజానికి ఆనితే, రెండింటికీ కలిపి 90 చదరపు సెంటీమీటర్లు. అంటే చదరపు సెంటీమీటరుకి 133 గ్రాములు. అదే పట్టీ 5 సెంటీమీటర్లుంటే 80 గ్రాములే. పట్టీలో దూది ఎంత ఉందన్నదానికంటే వెడల్పెంత, అది భుజానికి ఎంతమేర ఆనుతున్నదన్నది ముఖ్యం. మరీ మెత్తని స్పాంజి అంగట్లో హాయిగా ఉంటుంది, నెల తిరిగేసరికి అణగారిపోతుంది. వేలితో నొక్కితే కాస్త గట్టిగా ఉండి, వదలగానే తిరిగి లేచేది మంచిది.

అయితే అసలు కిటుకు భుజంలో లేదు, నడుములో ఉంది. తుంటి ఎముకల మీద గట్టిగా బిగిసే వెడల్పాటి నడుము పట్టీ ఉంటే, బరువులో ఎక్కువ పాలు కాళ్లమీదికి నేరుగా దిగిపోతుంది. భుజాల పట్టీలు బ్యాగు వెనక్కి పడకుండా పట్టుకుంటే చాలు. ఇలా జరగాలంటే రెండు షరతులు. ఒకటి, బ్యాగు వెనుక గట్టి పలకో, అల్యూమినియం కడ్డీలో ఉండాలి. మెత్తని సంచికి నడుము పట్టీ కుట్టినా బరువు కిందికి దిగదు, సంచి మధ్యలో కూలబడుతుంది. రెండు, బ్యాగు పొడవు మన వీపు పొడవుకి సరిపోవాలి. తల వంచితే మెడ అడుగున పొడుచుకొచ్చే ఎముక నుంచి, తుంటి ఎముకల పైఅంచు ఎత్తు వరకు టేపుతో కొలవండి. అదీ మీ వీపు కొలత. మనిషి ఎత్తుని బట్టి దీన్ని కచ్చితంగా చెప్పలేం. మా బృందంలో ఒకే ఎత్తున్న ఇద్దరికి రెండంగుళాల తేడా వచ్చింది. డిపార్టుమెంటు బ్యాగు అంటే పదిమంది మోసేది కనుక, పట్టీల ఎత్తు మార్చుకునే వీలున్నదే తీసుకోవాలి.

సర్దే తీరు కూడా ఉంది. మార్కెట్ యార్డులో హమాలీలు బస్తాని ఎక్కడ పెట్టుకుంటారో గమనించండి. వీపుకి ఆనించి, పైకి. బరువు వెన్నుకి 10 సెంటీమీటర్లు దూరం జరిగితే, 12 కిలోల సంచి మనిషిని వెనక్కి తిప్పే బలం సుమారు 12 న్యూటన్-మీటర్లు పెరుగుతుంది. దాన్ని తట్టుకోడానికే మనం ముందుకి వంగి నడుస్తాం, సాయంత్రానికి నడుము పట్టేస్తుంది. కాబట్టి పెద్ద లెన్సు వెన్నుకి దగ్గరగా ఉండాలి, తేలికవి బయటి అరల్లో ఉండాలి. ట్రైపాడ్‌ని ఒక పక్కకి కట్టకుండా నడిమధ్యన కట్టాలి. కావడిలో ఒక కుండే పెడితే ఏమవుతుందో తెలియనిదెవరికి?

గుడ్డ గుణం

ఇహ వాన సంగతి. బ్యాగు చీటీమీద 420, 600, 1000 డెనియర్ అని ఉంటుంది. 9,000 మీటర్ల నూలు ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. అంటే ఇది దారం లావుని చెబుతుందే గాని, నీళ్లు ఆగడాన్ని గురించి ఏమీ చెప్పదు. 1000 డెనియర్ అని మురిసిపోయి కొన్న గుడ్డ గోనెపట్టాలా నీళ్లు తాగవచ్చు.

బ్యాగు గుడ్డలు ముఖ్యంగా రెండు రకాలు. 1935లో అమెరికాలో కారొథర్స్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు తయారుచేసిన నైలాన్ ఒకటి, పాలిస్టరు రెండోది. రాపిడికి నైలాన్ గట్టిది. అయితే మామూలు గాలిలోనే తన బరువులో 4 శాతం దాకా తేమ పీలుస్తుంది, తడిస్తే కొంచెం సాగుతుంది. పాలిస్టరు పీల్చే తేమ అర శాతం లోపే, ఎండకి కూడా బాగా ఓర్చుకుంటుంది. మన ఎండలకీ వానలకీ రెండూ పనికొస్తాయి.

నీటిని ఆపేది నేత కాదు, పూత. బయట నీటిచుక్క తామరాకుమీద బిందువులా జారిపోయేట్టు ఒక పూత వేస్తారు. ఇది రాపిడికి, మట్టికి అరిగిపోతుంది, మళ్లీ వేసుకోవచ్చు. లోపలివైపు పాలీయురిథేన్ పూత ఉంటుంది. నీటిని ఆపే అసలు గోడ ఇదే. దీని బలాన్ని నీటి స్తంభం ఎత్తుతో కొలుస్తారు. గుడ్డమీద గొట్టం నిలబెట్టి నీళ్లు నింపుతూ పోతే, ఎంత ఎత్తుకి గుడ్డలోంచి చుక్కలు కారతాయో అదీ కొలత. 1,500 మిల్లీమీటర్లంటే ఒకటిన్నర మీటర్ల నీటి స్తంభాన్ని ఆపుతుందని.

అది చాలా? తడినేలమీద మన 12 కిలోల బ్యాగు పెట్టామనుకోండి. అడుగు 30 సెంటీమీటర్ల పొడవు, 20 సెంటీమీటర్ల వెడల్పు ఉంటే, చదరపు సెంటీమీటరుకి 20 గ్రాముల ఒత్తిడి. అంటే 20 సెంటీమీటర్ల నీటి స్తంభం. 150 సెంటీమీటర్లు ఆపే గుడ్డకి ఇదొక లెక్కలోది కాదు. అయితే మా బ్యాగు తడవడమేమిటి? సమాధానం గుడ్డలో లేదు.

కుట్లూ, జిప్పులూ

గుడ్డ ఎంత మంచిదైనా కుట్టాలంటే సూది గుచ్చాలి. ప్రతి కుట్టూ ఒక చిల్లు. బ్యాగుని లోపలివైపు తిరగేసి చూడండి. కుట్లమీద నున్నని పట్టీ వేడితో అతికించి ఉందా? ఉంటే వాన ఆగుతుంది. లేకపోతే, టార్పాలిన్ కొని దాన్ని దబ్బనంతో పొడిచినట్టే. కొన్ని బ్యాగుల్లో కుట్టే ఉండదు, గుడ్డ అంచుల్ని కరిగించి అతుకుతారు. ఇవి ఖరీదెక్కువ గాని నమ్మదగినవి.

జిప్పులు మూడు రకాలు. పళ్లు పైకి కనిపించే మామూలు జిప్పు నీళ్లకి రాజమార్గం. దానిమీద గుడ్డ రెక్క కప్పి ఉంటే కొంత నయం. రెండోది, పైన నల్లగా నిగనిగలాడే పూత ఉన్న జిప్పు. ఇది వానని చాలావరకు ఆపుతుంది గాని, పూర్తిగా కాదు. జిప్పు తల ఆగే చివరనుంచి నీరు దూరుతుంది, పూత మడతల దగ్గర పగులుతుంది. మా బ్యాగు కారింది సరిగ్గా ఇక్కడే, నడినెత్తిన ఉన్న జిప్పు చివర్లో. మూడోది గాలి కూడా చొరని జిప్పు. గట్టిగా లాగాలి, అప్పుడప్పుడు కందెన రాయాలి, వెల కూడా ఎక్కువే. జిప్పు లేకుండా మూతిని చుట్టి బిగించే బ్యాగులున్నాయి. కనీసం మూడు చుట్లు చుడితే వానకి వీటిని మించినవి లేవు. కాని పక్షి ఎగిరిపోయేలోగా కెమెరా తియ్యడం కష్టం!

చీటీలమీద ఐ.పి. అని రెండంకెల సంఖ్య కనిపిస్తే రెండో అంకె నీళ్లకి సంబంధించినది. 4 అంటే ఏ వైపునుంచి చిలికినా ఆగుతుంది. 7 అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట మునిగినా ఆగుతుంది. వీపు బ్యాగులకి ఈ సంఖ్య అరుదు. ఉత్త "వాటర్‌ప్రూఫ్" అన్న మాటకి ఏ కొలతా లేదని గుర్తుంచుకోండి. పడవ ఎక్కి పులికాట్ సరస్సులోకి వెళ్లేవాళ్లకి గట్టి ప్లాస్టిక్ పెట్టెలే శరణ్యం. మన గూడబాతు పేరే పెట్టుకున్న పెలికన్ పెట్టెలు అలాంటివి. అయితే వాటిని వీపున వేసుకుని నడవడం మాత్రం మనవల్ల కాదు.

తొడుగు చాలదు, లోసంచి కావాలి

చాలా బ్యాగుల అడుగు అరలో వాన తొడుగు మడిచి ఉంటుంది. తేలిక, చవక, తప్పక ఉండాల్సినదే. కాని దానికి మూడు లోపాలు. వీపువైపు కప్పదు, మెడనుంచి జారిన నీరు అటునుంచి వెళుతుంది. ఆ నీరంతా తొడుగు అడుగున గిన్నెలో చేరినట్టు చేరుతుంది, అందుకే అడుగున చిన్న చిల్లు ఉన్న తొడుగే తీసుకోవాలి. మూడోది, ఈదురుగాలికి ఎగిరిపోతుంది.

దీనికి విరుగుడు నాకు ఎరువుల బస్తా నేర్పింది. యూరియా గాలిలో తేమకే కరిగే సరుకు. 45 కిలోల యూరియాని ఒక్క సంచిలో నమ్మి పొయ్యరు. బరువు మోయడానికి బయట నేసిన ప్లాస్టిక్ సంచి, తేమని ఆపడానికి లోపల పల్చని ప్లాస్టిక్ పొర ఉన్న బస్తాలు మా ఇంట్లో ఎన్నో. రెండు పనులకి రెండు పొరలు. కెమెరాకీ అదే న్యాయం. మంచి పట్టీలు, గట్టి వీపు ఉన్న బ్యాగుని బరువుకోసం ఎంచుకుని, లోపల మూతి చుట్టే పల్చని సంచి ఒకటి నీళ్లకోసం పెట్టుకుంటే, రెండు గుణాలూ ఒకే బ్యాగులో వెతుక్కునే బాధ తప్పుతుంది. ఖర్చూ తగ్గుతుంది.

ఇంకొక మాట. బ్యాగు తెరుచుకునే తలుపు వీపువైపు ఉంటే మేలు. బురదలో పెట్టినప్పుడు ముందువైపు కిందికి పెడతాం, వీపుకి ఆనే వైపు శుభ్రంగా ఉంటుంది.

అసలు తప్పు ఎక్కడ జరిగింది?

ఇంతవరకూ బ్యాగుమీద నేరం మోపాను. ఇప్పుడు నా సంగతి చెప్పాలి. నేలపట్టులో లోపలికి చేరిన నీరు నిజానికి ఒక గ్లాసైనా ఉండదు. కెమెరా ఆ రోజు సాయంత్రం బాగానే పనిచేసింది. మేం రాత్రి పొద్దుపోయి వచ్చాం. అలిసిపోయి ఉన్నాను. బ్యాగు పైన తుడిచి, జిప్పు బిగించి, బీరువాలో పెట్టి, సెలవులకి ఊరికి పోయాను. మూడు వారాలు!

ఊళ్లో ఆ మూడు వారాలూ నేను చేసిన పనేమిటంటే, కళ్లంలో వడ్లు ఆరబొయ్యడం. తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో తీసుకోరు. మంచు పడుతోందని పట్టా కప్పితే, తెల్లారగానే తీసెయ్యమని నాన్న అరుస్తాడు. "తడిగింజని కప్పిపెడితే ఉడుకెక్కి ముక్కిపోద్దిరా, వానకి తడిసినా ఇంత నష్టం ఉండదు" అని ఆయన మాట. ఆ మాట రోజూ వింటూనే, ఇక్కడ తడి లెన్సుని కప్పిపెట్టి వచ్చానన్న ఆలోచన నాకు రాలేదు. నీటిని బయట ఆపే పూతే, లోపలి తేమని బయటికి పోనివ్వదు.

గాలిలో తేమ 60, 70 శాతం దాటి, చీకటీ నిలవగాలీ ఉంటే బూజు పెరుగుతుంది. అది వదిలే ఆమ్లాలు అద్దం పూతని తింటాయి. కాబట్టి ఏ బ్యాగు కొన్నా ఈ నియమాలు తప్పవు. ఇంటికి రాగానే సామాను బయటికి తీసి, బ్యాటరీ వేరుచేసి, పొడిగుడ్డతో తుడిచి, ఫ్యాను గాలికి ఆరబెట్టాలి. తడిసిన కెమెరాని ఆరేదాకా స్విచ్ వెయ్యకూడదు. బియ్యం డబ్బాలో పెట్టమని చాలామంది చెబుతారు. మా ఇంట్లో బియ్యానికి కరువు లేదు గాని, తౌడు దుమ్ము కెమెరాలోకి పోతుంది, దయచేసి వద్దు. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికాజెల్ వేసి, చిన్న తేమ మీటరు పెట్టి, 40, 50 శాతం మధ్య ఉంచితే చాలు. సిలికాజెల్ తన బరువులో మూడో వంతు దాకా నీరు పట్టగలదు. నారింజ రంగుది ఆకుపచ్చగా మారితే 120 డిగ్రీల వేడిలో ఆరబెట్టి మళ్లీ వాడుకోవచ్చు. నీలం రంగు దాంట్లో ఉండే కోబాల్ట్ క్లోరైడు ఆరోగ్యానికి మంచిది కాదు.

బ్యాగుని కూడా ఆరబెట్టాలి. తడిగా మడిచిపెడితే లోపలి పాలీయురిథేన్ పూత కొన్నేళ్లకి జిగురెక్కి పొరలుగా ఊడివస్తుంది.

వాన లేకుండానే లెన్సు తడిసే దారి ఒకటుంది. బయట 32 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉంటే, 28 డిగ్రీలకంటే చల్లని వస్తువేదైనా చెమరుస్తుంది. ఏ.సి. గదిలో 24 డిగ్రీల దగ్గర ఉన్న కెమెరాని అలాంటప్పుడు బయట తీస్తే మంచినీళ్ల గ్లాసులా అవుతుంది. బ్యాగు మూసే ఉంచి, అరగంట బయట పెట్టి, అప్పుడు తెరవండి.

కొనేముందు పరీక్ష

అంగడికి మీ సామానుతో వెళ్లండి. వీలుకాకపోతే కిలో బియ్యం ప్యాకెట్లు పది తీసుకెళ్లండి. బ్యాగు నింపి, నడుము పట్టీ బిగించి, పావుగంట నడవండి, మెట్లెక్కండి. భుజానికీ పట్టీకీ మధ్య రెండు వేళ్లు సులువుగా దూరితే బరువు నడుముమీద ఉన్నట్టు. కొన్నాక, మార్చుకునే గడువు పోకముందే, లోపల పాత వార్తాపత్రికలు కూరి, షవరు కింద పదిహేను నిమిషాలు పెట్టండి. కాగితం ఎక్కడ తడిసిందో చూస్తే కారే చోటు తెలిసిపోతుంది. ఈ పరీక్ష చెయ్యకుండా కెమెరాని అందులో పెట్టకండి. నేను చేసి ఉంటే ఈ వ్యాసం రాసే అవసరం వచ్చేది కాదు.

విద్యార్థి సంఘం ఈ సంవత్సరం నిధుల్లోంచి బ్యాగు కొనడానికి ఒప్పుకుంది. పై పరీక్షలన్నీ నెగ్గినదాన్ని మా సారుకి చూపించాం. ఆయన చుట్టూ తిప్పి చూసి, "బ్యాగు బాగానే ఉంది. ఆరబెట్టేదెవరు?" అన్నారు. బీరువా తలుపుకి ఇప్పుడొక పుస్తకం వేలాడుతోంది. తీసుకున్న తేదీ, తెచ్చిన తేదీ, ఆరబెట్టినవాడి సంతకం. మొదటి సంతకం నాది. తాళంచెవి మళ్లీ మన చేతికి వచ్చింది. వచ్చే డిసెంబరులో నేలపట్టుకి వెళ్లే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఆ మచ్చ పడిన లెన్సుతోనే ఫోటోలు తీస్తారు. వెలుగుకి ఎదురుగా తీస్తే కొంచెం మసక వస్తుంది. పొద్దు వెనక ఉండేట్టు చూసుకోండి. వచ్చాక మాత్రం, ఎంత అలిసిపోయినా, బ్యాగు తెరిచి పెట్టాకే పడుకోండి.